కోత సినిమా

మీరు సినిమా టికెట్టు ఫోనులో కొంటారు. ఏ సీటు కావాలో కూడా వేలితో నొక్కి మీరే తేల్చుకుంటారు. కాబట్టి టికెట్లు అమ్మడం ఒక ఉద్యోగమనీ, ఆడవాళ్లకు టికెట్లు అమ్మడం మళ్లీ వేరే ఉద్యోగమనీ చెబితే మీకు వింతగా ఉండొచ్చు. నేను చేసింది ఆ రెండోది. మా ఊరి సినిమా హాల్లో ఆడవాళ్ల బుకింగు కిటికీ వెనక కూర్చుని నా ఉద్యోగ జీవితమంతా గడిపాను. పెన్షను లేదు, సన్మానం లేదు. చెప్పుకోవడానికి ఒక కథ మాత్రం మిగిలింది.

గుంటూరు నుంచి దర్శి వైపు పోయే బస్సులు ఆగి, డ్రైవర్లు టీ తాగే ఊరు మాది. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. ఊరికి ఒకటే హాలు. నాకు ముందు ఆడవాళ్ల కిటికీ దగ్గర కూడా మగవాడే కూర్చునేవాడు. ఒకసారి చిల్లర దగ్గర మొదలైన గొడవ చెయ్యి పట్టుకున్నాడనే దాకా వెళ్లింది. ఆ మర్నాడే ఓనరు గారు ఆడమనిషి కోసం వెతికారు. నేను పదో తరగతి పాసయ్యాను, మా ఆయన జిన్నింగు మిల్లు లారీ డ్రైవరు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. తొంభైల చివర్లో చేరాను. సినిమా హాల్లో ఆడదానికి ఉద్యోగమేమిటని మా అత్తగారు వారం రోజులు అన్నం దగ్గర సణిగింది. ఎనిమిదో రోజు తన చెల్లెల్ని వెంటబెట్టుకుని ఫ్రీ పాసు కోసం నా కిటికీ ముందు నిలబడింది.

కిటికీ అంటే చెయ్యి పట్టే కంత. ముందు ఇనప జాలీ. ఆ కంతలో నుంచి నాకు మనుషుల మొహాలు సరిగా కనిపించేవి కావు, చేతులే కనిపించేవి. గాజుల్ని బట్టి, గోళ్లను బట్టి ఎవరో చెప్పేదాన్ని. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా ఆ చేతులన్నీ ఎర్రగా ఉండేవి. మిరపకాయ కోతల కాలం అది. చేలో నుంచి నేరుగా వచ్చేవాళ్లు. నోట్లకు కూడా కాయ ఘాటు పట్టి ఉండేది.

ఈ సంగతి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చేరిన మొదటి కోతల్లో ఒకరోజు టికెట్లు అమ్ముతూ అలవాటుగా కన్ను నలుపుకున్నాను. ఇక చూసుకోండి. టికెట్ల కట్ట కింద పడేసి కుళాయి దగ్గరికి పరిగెత్తాను. గేటు మనిషి పొట్ట పట్టుకుని నవ్వాడు. క్యూలో ముందున్న మనిషి మాత్రం లోపలికి వచ్చి, నా రెండు చేతులకూ తన దగ్గరున్న కొబ్బరినూనె రాసి, సబ్బు పెట్టి కడిగించింది. ఆమె ఒక కోతల ముఠాకు పెద్ద. అందరూ మేస్త్రమ్మ అనేవాళ్లు.

"కాయ చేత్తో కన్ను ముట్టకూడదమ్మా. ఏడుపొచ్చినా సరే, జబ్బతో తుడుచుకో" అంది.

ఉద్యోగంలో నాకు ఎవరన్నా పాఠం చెప్పారంటే అదొక్కటే. ఆ తర్వాత ఎన్ని కోతలు వచ్చినా నేను దాన్ని మర్చిపోలేదు.

కోత సినిమా గురించి కూడా మేస్త్రమ్మ వల్లే తెలిసింది. మా వైపు ఒక రివాజు ఉండేది. ఆఖరి కోత అయిన రోజు రైతు తన ముఠాకు సినిమా చూపించాలి. కూలి వేరు, ఇది వేరు. ఎవరూ రాసుకున్నది కాదు, ఎవరూ అడిగి తీసుకునేదీ కాదు. మధ్యాహ్నానికే కోత ముగించుకుని, ట్రాక్టరు ట్రక్కులో ముఠా మొత్తం పాటలు పాడుకుంటూ హాలుకు వచ్చేవాళ్లు. ఎగ్గొట్టిన రైతుకు మరుసటేడు కోతలకు ముఠా దొరికేది కాదు. ఒకాయన సినిమా బదులు అందరికీ జాకెట్టు గుడ్డలు పెట్టి సరిపెట్టుకోబోయాడు. ఆ గుడ్డలు తీసుకున్నారు, కుట్టించుకున్నారు, మరుసటేడు అవే జాకెట్లు వేసుకుని పక్క రైతు చేలో కాయ కోశారు.

ఆ రోజుల్లో మా హాల్లో నేల క్లాసు మధ్యలో నడుమెత్తు గోడ ఉండేది. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు. నేల అని పేరే గానీ అప్పటికి బల్లలు వేశారు. ముఠా వచ్చిందంటే ఆడవాళ్ల వైపు నుంచి తెర మీద వాళ్లకు సలహాలు, తిట్లు, దీవెనలు అన్నీ వినిపించేవి. నేను మాత్రం ఏ సినిమా మొత్తం చూసి ఎరగను. టికెట్ల లెక్క అప్పజెప్పి లోపలికి వెళ్లేసరికి సగం కథ అయిపోయేది, సినిమా అయ్యేలోగా మళ్లీ తర్వాతి ఆటకు కిటికీ తెరవాలి. అన్నేళ్లు సినిమా హాల్లో పనిచేసి, హీరో హీరోయిన్లు మొదటిసారి ఎక్కడ కలిశారో చెప్పలేని మనిషిని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రెండువేల సంవత్సరం దాటాక హాలు పరిస్థితి దిగజారుతూ వచ్చింది. ఇంటింటికీ కేబులు, బడ్డీకొట్టులో సీడీలు. కొత్త బొమ్మ మా దాకా వచ్చేసరికి దాని కథ ఊరంతా తెలిసిపోయేది. కుర్చీల్లో స్పాంజి బయటికి వచ్చింది. బాల్కనీలో పావురాలు గూళ్లు పెట్టాయి. మా ఆపరేటరు, అంటే పైన కేబిన్లో మిషను ఆడించే ఆయన, కింద పదిమంది కూర్చున్నా వెయ్యిమంది కూర్చున్నట్టే తెరను అద్దంలా ఉంచేవాడు. ఆయన మాత్రం ఏనాడూ విసుక్కోలేదు.

ఓనరు గారు నిజానికి రైతు. ఆయన తండ్రి పత్తి బాగా పండిన ఏడు ఈ హాలు కట్టించాడు. ఈయనకు హాలంటే ప్రాణం. ఈయన బావమరిదికి మాత్రం హాలంటే గోడలూ పైకప్పూ. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసేవాడు. వచ్చినప్పుడల్లా హాలంతా కలియదిరిగి, ఎన్ని బస్తాలు పడతాయో కళ్లతోనే కొలిచేవాడు. హాలు తనకు లీజుకిస్తే గోడౌను చేస్తానని బావగారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

ఒక ఏడు చలికాలంలో ఓనరు గారు మా అందరినీ పిలిచి కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పేశారు. హాలుకు ఆఖరిసారి ఖర్చు పెడుతున్నాననీ, వచ్చే వేసవి నిలబడితే హాలు ఉంటుందనీ, లేకపోతే బావమరిదికి ఇచ్చేస్తాననీ అన్నారు. గేటు మనిషికి ముగ్గురు ఆడపిల్లలు. ఆపరేటరుకు ఇంకో పని రాదు. మా ఆయన అప్పటికి నడుం పడిపోయి లారీ మానేశాడు. మా ఇంట్లో అన్నం ఆ కంతలో నుంచే వస్తోంది.

ఖర్చు బాగానే పెట్టారు. కొత్త సౌండు పెట్టెలు వచ్చాయి. కుర్చీలకు కొత్త రెగ్జిను వేశారు. అన్నింటికన్నా గొప్ప, చల్లగాలి మిషను. తెర వెనక పెద్ద గదిలాంటి ఖాళీ ఉండేది. అక్కడ మనిషెత్తు ఫ్యాను బిగించి, తడి తడికెల మీదుగా గాలి లాగి హాల్లోకి వదిలేలా ఏర్పాటు చేశారు. బిగించిన రోజు తిప్పి చూపించారు. మే నెలలో కూడా చలేస్తుందని గేటు మనిషి ఊరంతా చెప్పుకొచ్చాడు. అది చూపించే విజయవాడ డిస్ట్రిబ్యూటరును ఒప్పించారు. ఒక పెద్ద హీరో సినిమా విడుదల రోజునే మా ఊళ్లో పడేటట్టు, రీళ్ల బాక్సుతో పాటు వాళ్ల మనిషి వచ్చేటట్టు మాట అయింది. మా హాలు పుట్టాక విడుదల రోజు కొత్త బొమ్మ పడటం అదే మొదలు.

ఇక్కడ మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటి జరిగింది.

ఆ ఏడు కాయ విపరీతంగా పండింది. రేటు పడిపోయింది. కోల్డ్ స్టోరేజీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, లోపల సందు లేదు. బావమరిది దగ్గరున్న సరుకూ, ఓనరు గారి చేలో పండిన కాయా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. హాలు ఎలాగూ రిపేర్ల కోసం మూసి ఉంది, తెర వెనక ఇంత ఖాళీ ఉంది, నాలుగు రోజులేగా అన్నాడు బావమరిది. మిర్చి బస్తాలు వచ్చి ఫ్యాను చుట్టూ పైకప్పుకు తగిలేలా చేరాయి. ఫ్యాను అంతకు ముందే తిప్పి చూశారు కాబట్టి మళ్లీ తిప్పే పని పడలేదు. నాలుగు రోజులు నాలుగు వారాలయ్యాయి.

ఎవరికీ ఎందుకు తట్టలేదని మీరడగొచ్చు. ఆపరేటరు చూశాడు, గేటు మనిషి చూశాడు, రంగులు వేసేవాళ్లు చూశారు. చీపురు కోసం వెళ్లి నేనూ చూశాను. మా ఊళ్లో మిర్చి వాసన ఎవరికీ వాసన కాదు. వేసవిలో ఇళ్లల్లో, బస్సుల్లో, గుళ్లో కూడా అదే ఉంటుంది. చేప నీళ్లను చూసి ముక్కు మూసుకోదు కదా.

విడుదల దగ్గరపడేకొద్దీ నాకూ బావమరిదికీ ఒక తగాదా వచ్చింది. మొదటి ఆటకు హాలంతా అభిమానులకే ఇచ్చేయాలని ఆయన లెక్క. ఆడవాళ్ల నేల కూడా మగవాళ్లకే అమ్మమన్నాడు. సరిగ్గా దానికి ముందురోజే మేస్త్రమ్మ ముఠాకు ఆఖరి కోత పూర్తవుతోంది. రైతు ఆ ఆటకే సినిమా చూపిస్తానని మాట ఇచ్చాడు, నేను టికెట్లు ఇస్తానని మాట ఇచ్చాను. కొత్త బొమ్మ, మొదటి ఆట అని తెలిసి వాళ్లు ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. పాత బొమ్మలు తప్ప వాళ్లకెప్పుడు దక్కాయి?

"ఆడాళ్లకు సాయంత్రం ఆట ఉందిగా. ఈ పూటకు సర్దుకోమను" అన్నాడాయన.

సర్దుకోవడమనే మాట వింటే నాకు మొదట్నుంచీ ఒళ్లు మండుతుంది. కిటికీ నాదనీ, దానిలో నుంచి మగవాళ్లకు టికెట్లు ఇవ్వనంటే ఇవ్వననీ చెప్పాను. ఉద్యోగం పోతుందన్నాడు. ఎలాగూ గోడౌను చేస్తానంటున్నారుగా, రెండుసార్లు ఎక్కడ పోతుంది అన్నాను. ఓనరు గారు ఇద్దరినీ విని, ఆడవాళ్ల నేల ఆడవాళ్లకే ఉండనివ్వమన్నారు. ఆయన అది నా మీద గౌరవంతో చేశారో, గొడవ పడలేక చేశారో నాకు తెలియదు.

విడుదల రోజు పొద్దున్నే బ్యాండు మేళం వచ్చింది. కటౌటుకు పూలదండలు, పాలాభిషేకం, టపాకాయలు. మగవాళ్ల కిటికీ దగ్గర చొక్కాలు చిరిగాయి. నా కిటికీ దగ్గర ముఠా పద్ధతిగా వరసలో నిలబడింది. తలంట్లు పోసుకుని, పెట్టెలో దాచుకున్న చీరలు కట్టుకుని వచ్చారు. చేతులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. హౌస్‌ఫుల్ బోర్డు పాత సామాన్ల కింద ఎక్కడో పడి ఉంటే గేటు మనిషి వెతికి, తుడిచి, గేటుకు కట్టాడు. ఓనరు గారు దాన్ని కాసేపు చూస్తూ నిలబడ్డారు. విజయవాడ నుంచి వచ్చిన డిస్ట్రిబ్యూటరు మనిషి ఆయన భుజం తట్టాడు. మా హాలు గట్టెక్కిందని నేను మనసులో అనేసుకున్నాను.

బొమ్మ మొదలైంది. హీరో వచ్చేసరికి హాలు లేచిపోయింది. ఎండకు లోపల ఉక్కపోస్తోందని, హీరో వచ్చిన ఊపులోనే చల్లగాలి మిషను వేయమని ఎవరో కేకేశారు. వేశారు.

నేను అప్పుడు బయట టికెట్ల కట్టలు సర్దుకుంటున్నాను. లోపల ఈలలు ఆగిపోయి దగ్గులు మొదలయ్యాయి. మొదట ఎవరో పొలమారారనుకున్నాను. తర్వాత తుమ్ములు. ఆ తర్వాత వెయ్యిమంది ఒకేసారి దగ్గితే ఎలా ఉంటుందో విన్నాను. తలుపులు తెరుచుకున్నాయి. గేటు మనిషి మంచిపని చేశాడు, అన్ని తలుపులూ బార్లా తీసి పక్కకు తప్పుకున్నాడు, లేకపోతే తొక్కిసలాటలో ఏమయ్యేదో. అభిమానులు కళ్లు మూసుకుని, చొక్కాలు మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు మీద పడ్డారు. పాలాభిషేకానికి తెచ్చిన బిందెల్లో మిగిలిన పాలతో మొహాలు కడుక్కున్నారు. డిస్ట్రిబ్యూటరు మనిషి మెట్ల మీద కూలబడి ఏడుస్తున్నట్టే ఉన్నాడు. ఓనరు గారి తలపాగా తడిపి ఎవరో ఆయన కళ్లకు కట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే అనుకున్నాను.

డబ్బులు వెనక్కి ఇవ్వమని అరుపులు మొదలయ్యాయి. గేటు మనిషి తెర వెనక్కి వెళ్లి ఫ్యాను ఆపి, గుడ్డివాడిలా తడుముకుంటూ బయటికి వచ్చాడు. జనాన్ని ఒకసారి కలియజూశాను. అందరూ మగవాళ్లే. పైట ముక్కుకు గట్టిగా కట్టుకుని ఆడవాళ్ల తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను.

తెర మీద బొమ్మ ఆడుతూనే ఉంది. పైన కేబిను అద్దం బిగించి ఉంటుంది కాబట్టి ఆపరేటరు దాకా ఘాటు పోలేదు. కింద బెల్లు కొడితే తప్ప మిషను ఆపకూడదని నియమం, ఎవరూ కొట్టలేదు, ఆయన ఆపలేదు. కుర్చీలు ఖాళీ, బాల్కనీ ఖాళీ, మగవాళ్ల నేల ఖాళీ. గోడకు ఇవతల ముఠా ముఠా అంతా కూర్చునే ఉంది. పైటలు మూతికి, ముక్కుకు చుట్టుకుని, కళ్లు మాత్రం బయట పెట్టి, తెర వంక చూస్తున్నారు. చేలో ఎలా కట్టుకుంటారో అలాగే కట్టుకున్నారు.

మేస్త్రమ్మ దగ్గరికి వెళ్లి, లేవమని, డబ్బులు తిరిగి ఇస్తారని చెప్పాను.

"ఎందుకు లేవాలంట?" అంది, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

ఘాటు అన్నాను. నా గొంతు అప్పటికే పట్టేసింది.

"ఈ ఘాటుకు లేచిపోతే మేం ఏ చేలో నిలబడతాం తల్లీ? ఆ గాలి మిషను ఆపారు, మంచిదే. బొమ్మ మాత్రం ఆపొద్దని చెప్పు. ఇది మా కోత సినిమా."

బయటికి వచ్చి ఓనరు గారికి చెప్పాను. ఆయన కళ్లకు కట్టిన తడిగుడ్డ తీసి నా వంక చూశారు. లోపల మనుషులున్నారా అని రెండుసార్లు అడిగారు. ఈలోగా డిస్ట్రిబ్యూటరు మనిషి ఖాళీ హాలుకు బొమ్మ ఆడించడానికి వీల్లేదనీ, ప్రింటు అరిగిపోతుందనీ అన్నాడు.

"ఖాళీ ఏందండీ, ఆడవాళ్లున్నారంటే" అన్నారు ఓనరు గారు. గేటు మనిషి వైపు తిరిగి, "ఆడనీయండి" అన్నారు.

ఆయన్ని నేను అన్నేళ్లలో చాలాసార్లు తిట్టుకున్నాను. ఆ ఒక్క మాటకు అవన్నీ మాఫీ చేశాను.

ఇంటర్వెల్లులో మేస్త్రమ్మ నన్ను పిలిచి, పైన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయిగా, అక్కడికి పోయి కూర్చుంటే ఏమన్నా తప్పా అని అడిగింది. నేల టికెట్టు మీద బాల్కనీ ఎక్కనిస్తే నా ఉద్యోగానికి ముప్పు. ఆ పూట దానికి భయపడే ఓపిక నాకు లేదు. ఎక్కండి అన్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కారు. కొత్త రెగ్జిను కుర్చీల్లో మొదట అంచు మీద కూర్చున్నారు, తర్వాత వెనక్కి వాలారు. బాల్కనీలో ఘాటు కాస్త తక్కువ కూడా. నేనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను. కిటికీ మూసేశాను, తర్వాతి ఆట సంగతి ఎవరికీ పట్టలేదు. మొదటి సగం కథ పక్కనున్న అమ్మాయి నాకు చెప్పేసింది. మిగతా సగం ఆఖరి దాకా చూశాను. కళ్లు మండుతున్నాయి, ముక్కు కారుతోంది. అయినా అంత సంతోషంగా నేను ఆ హాల్లో ఎప్పుడూ లేను. శుభం కార్డు పడితే హాల్లో చప్పట్లు కొడతారని అప్పుడే తెలిసింది.

సంతోషం అంతవరకే. డిస్ట్రిబ్యూటరు మనిషి సాయంత్రం బస్సుకే బాక్సు ఎత్తుకుపోయాడు. బస్తాలు ఆ రోజే తీయించారు, హాలు రెండుసార్లు కడిగించారు. కానీ పేరు పోయింది. చుట్టుపక్కల ఊళ్లలో మాది ఘాటు హాలు అయింది. కుర్రాళ్లు మా గేటు ముందు నుంచి పోతూ కావాలని తుమ్మేవాళ్లు. కొత్త బొమ్మలు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ వేసవి పాత బొమ్మలు వేస్తే ఆడవాళ్లు మాత్రం ముందుకన్నా ఎక్కువగా వచ్చారు. ముఠాలు ముఠాలుగా వచ్చారు. మగవాళ్ల నేల ఖాళీ, మా వైపు కిటకిట. ఆడవాళ్లొక్కళ్లతో హాలు నిలబడదని ఓనరు గారు తేల్చారు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. నిలబెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు.

మరుసటేడు హాలు బావమరిది చేతికి పోయింది. ఓనరు గారు తాళాలు ఇచ్చి మళ్లీ ఆ వీధిలోకి రాలేదు. కుర్చీలు ఒక కల్యాణ మండపం వాళ్లు కొన్నారు. మిషన్లు తూకానికి పోయాయి. ఆపరేటరు ఒంగోలులో పని వెతుక్కుంటానని వెళ్లాడు. వెళ్లేముందు కేబినులో అద్దాన్ని తుడిచి వెళ్లాడని గేటు మనిషి చెప్పాడు. తెరను మాత్రం బావమరిది అమ్మలేదు. అంత పెద్ద గుడ్డ వృథా ఎందుకని, కళ్లంలో ఆరబోసిన మిరపకాయ మీద వాన పట్టకుండా కప్పించాడు. శబ్దం బయటికి రావడానికి సినిమా తెరకు ఒళ్లంతా సన్నటి చిల్లులుంటాయి. ఆ సంగతి ఆయనకు ఒక రాత్రి వానలో తెలిసింది. నవ్వకూడదు గానీ, నవ్వాను.

నన్ను మాత్రం ఆయన పనిలో నుంచి తీయలేదు. ఆశ్చర్యం అదే. గోడౌనులో మిరపకాయలకు తొడిమలు తీసే పని పెట్టాడు. దానికి వచ్చేది ఆడవాళ్లే. బుట్ట నిండితే ఒక టోకెను ఇవ్వాలి, సాయంత్రం టోకెన్లు లెక్కగట్టి కూలి ఇవ్వాలి. ఆడాళ్లతో తగాదాలు నీకు అలవాటేగా, నువ్వే కూర్చో అన్నాడు. అదే కిటికీ, అదే కంత, అవే ఎర్ర చేతులు. ఒకప్పుడు ఆ కంతలో నుంచి లోపలికి పంపేదాన్ని, ఇప్పుడు ఇంటికి పంపేదాన్ని. హౌస్‌ఫుల్ బోర్డు నా కుర్చీ వెనక గోడకు ఆనించి ఉండేది. పారేయమని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మేస్త్రమ్మ ముఠా కోతలు అయ్యాక తొడిమల పనికి వచ్చింది. హాలు నేల వాలుగా ఉంటుంది కదా, ముందువైపు మొహం పెట్టి కూర్చుంటే కాయ ఒళ్లోకి జారదని అందరూ ఒకప్పుడు తెర ఉన్న వైపే తిరిగి కూర్చునేవాళ్లు. వెనక గోడకు ముందు తెర చట్రం మాత్రం ఖాళీగా మిగిలి ఉంది. పైటలు ముక్కుకు చుట్టుకుని, ఆ ఖాళీ గోడ వైపు తిరిగి కూర్చున్న వాళ్లను వెనక నుంచి చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆ సినిమా చూడని కొత్త పిల్లలకు మేస్త్రమ్మ కథంతా చెప్పేది. ప్రతిసారీ ఆఖరి ఫైటు కొంచెం పెంచేది.

సరుకు అయిపోయి పని ముగిసిన రోజు మేస్త్రమ్మ బావమరిది దగ్గరికి వెళ్లి, ఆఖరి రోజు కాబట్టి సినిమా చూపించమంది. కోతకు రివాజు గానీ తొడిమలకు ఏం రివాజు అన్నాడాయన. కాయ అదే, మనుషులు వీళ్లే అంది ఆమె. ఊళ్లో హాలేది చూపించడానికి, నువ్వు కూర్చుందే హాలు అని ఆయన నవ్వాడు. ఆఖరికి ఒక్కొక్కరికి ఒక నేల టికెట్టు డబ్బులు కూలితో కలిపి ఇవ్వమని నాకు చెప్పి కారెక్కాడు. మేము అనుకున్నంత చెడ్డవాడు కాదు. హాలును హాలుగా చూడటం తెలియదు, అంతే.

అందరికీ ఇచ్చేశాను. ట్రాక్టరు స్టార్టు చేశారు. కంతలో నుంచి చెయ్యి ఒకటి మళ్లీ లోపలికి వచ్చింది. మేస్త్రమ్మది. చేతి నిండా నోట్లు. నేను ఇచ్చిన సినిమా డబ్బులన్నీ ముఠా దగ్గర వసూలు చేసి తెచ్చింది.

"అందరికీ నేల ఇవ్వమ్మా" అంది.

నవ్వులాట అనుకుని నవ్వాను. చెయ్యి వెనక్కి పోలేదు.

"బొమ్మ లేదుగా మేస్త్రమ్మా, తెలుసుగా నీకు" అన్నాను.

"తెలుసులే. డబ్బులు చేతిలో పెట్టుకుని, టికెట్టు అడక్కుండా ఎట్టా పోతాం? అడిగి, లేదనిపించుకుని పోదామని."

ఆ కిటికీలో కూర్చుని నేను వేలమందికి టికెట్లు లేవని చెప్పాను, గట్టిగా కసిరి మరీ చెప్పాను. ఆ పూట ఆ మాట రాలేదు. వెనక్కి తిరిగి బోర్డు తీసి, దుమ్ము దులిపి, జాలీకి ఆనించి నిలబెట్టాను. మేస్త్రమ్మకు చదువు రాదు గానీ ఆ బోర్డు తెలియని ఆడది మా ఊళ్లో లేదు.

ఆమె దాన్ని చూసి, నోట్లున్న చెయ్యి వెనక్కి తీసుకుంది.

"హౌస్‌ఫుల్ అంటే, పదండి" అని వెనక్కి తిరిగి ముఠాను కేకేసింది. ట్రక్కులో వాళ్లు నవ్వారు. ఒకామె ఈల కూడా వేసింది. ట్రాక్టరు దర్శి రోడ్డు ఎక్కేదాకా నవ్వులు వినిపించాయి.

నేను కంత తలుపు వేసి గడియ పెట్టాను. ఆ తర్వాత, పొద్దుట్నుంచీ కాయ ఘాటు పట్టిన టోకెన్లూ నోట్లూ పట్టుకున్న ఆ చేతులతోనే కళ్లు తుడుచుకున్నాను.